చలి కారిపోని బస్సు

యాభై ఏళ్లు చేపలకు చలి పట్టించిన మనిషిని పిలిచి, ఒక ఇల్లాలికి చలవ చేసిపెట్టమని అడగడం సబబేనా? తప్పు అడగడంలో ఉందా, ఒప్పుకోవడంలో ఉందా? అడిగినవాళ్లు మంచివాళ్లు. ఒప్పుకున్నవాడు పని తెలిసినవాడు. అయినా ఆ వేసవి మధ్యాహ్నం కొల్లేటి గట్టు మీద జరగకూడనిది జరిగింది.

వీరరాఘవులు పుట్టింది కొల్లేటికోటలో. చిన్నతనంలో తండ్రి పట్టిన చేపల్ని దోనెలో వేసుకుని, తనూ వెంట కూర్చుని ఆకివీడు వెళ్లేవాడు. దారిలో ఎండెక్కితే చేపల కళ్లు తెల్లబడేవి. కొనేవాడు మొప్ప ఎత్తి చూసి, వాసన చూసి, బాగున్నవి ఒక వైపు, పనికిరానివి ఒక వైపు వేసేవాడు. ఆ రెండో కుప్పను తండ్రి తిరిగి నీళ్లలో ఒంపేవాడు. తిరుగు ప్రయాణంలో తండ్రీ కొడుకులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కారు. మీసాలు రాకముందే ఏలూరు వెళ్లి ఐసు ఫ్యాక్టరీలో చేరిపోవడానికి వీరరాఘవులుకి వేరే కారణం అక్కర్లేకపోయింది.

ఐసు ఫ్యాక్టరీ నుంచి చేపల కంటైనర్ల పనిలోకి వచ్చాడు. దూర రాష్ట్రాలకు వెళ్లే చేపలు, రొయ్యలు ఎక్కిన ఊళ్లో ఎలా ఉన్నాయో దిగిన ఊళ్లోనూ అలాగే ఉండాలి. అందుకు మిషను ఎంత ముఖ్యమో, పెట్టెకు సందు లేకపోవడం అంత ముఖ్యం. అతను దాన్ని "చలి కారిపోవడం" అనేవాడు. చలి కూడా నీళ్లలాంటిదేనని, చిన్న కన్నం దొరికితే చాలు, పారిపోతుందని అతని నమ్మకం. కొత్త కంటైనరు తయారైతే లోపలికి వెళ్లి తలుపు వేయించుకుని, అగరుబత్తి వెలిగించి, తలుపు అంచుల వెంట, మూలల వెంట పట్టుకు తిరిగేవాడు. పొగ ఎక్కడ వంగితే అక్కడ సందు ఉన్నట్టు. పొగ దారం కట్టినట్టు నిటారుగా నిలబడితేనే బయటికి వచ్చి, "ఆయ్, ఇక తీసుకెళ్లండి" అనేవాడు.

"ఊళ్లో చేపలన్నీ చలికి వణుకుతున్నాయి. మనింట్లో ఫ్యానుకి మాత్రం రెక్క విరిగి ఏడాదైంది" అని నలుగురిలోనూ అనేసేది అతని భార్య వరమ్మ. వీరరాఘవులూ వాళ్లతో కలిసి నవ్వేవాడు.

తర్వాత కంటైనర్లు కంపెనీ నుంచే అన్నీ బిగించుకుని రావడం మొదలుపెట్టాయి. పాడైతే కంపెనీ మనిషి కంప్యూటరు పట్టుకుని వచ్చేవాడు. వీరరాఘవులుని పిలిచేవాళ్లు తగ్గి, ఆఖరికి లేకుండా పోయారు. ఆ రోజుల్లో అతని కోసం తాడేపల్లిగూడెం నుంచి నరసింహమూర్తి వచ్చాడు.

నరసింహమూర్తిది గూడెం మార్కెట్టులో ఉల్లిపాయల టోకు వ్యాపారం. ఆయన భార్య బాలాత్రిపురసుందరి. అయిదేళ్ల కిందట వంటింట్లో గ్యాసు లీకై మంటలు లేచినప్పుడు ఆవిడ వీపు, రొమ్ము, రెండు చేతులూ కాలిపోయాయి. బతకదనుకున్న మనిషి బతికింది. కానీ కాలినచోట వేసిన కొత్త చర్మానికి చెమట పట్టదు. చెమట పట్టని ఒంట్లోంచి వేడి బయటికి పోయే దారి లేదు. ఎండ పొడ గట్టిగా తగిలితే చాలు, ఒళ్లు పొయ్యిలా కాగి మనిషి పడిపోతుంది. అందుకని ఎండాకాలమంతా ఆవిడ ఏసీ గదిలోనే ఉండేది. కరెంటు పోతే జనరేటరు, జనరేటరు మొరాయిస్తే తడి తువ్వాళ్లు. అలా అయిదు వేసవులు ఒకే గోడను చూస్తూ గడిపింది.

ఆవిడకి ఒకటే కోరిక. గోదావరి పుట్టినచోట మొదలుపెట్టి, సముద్రంలో కలిసే దాకా దాని వెంట రావాలి. కారులో వెళ్లొచ్చు గాని, దిగిన ప్రతి ఊళ్లోనూ రాత్రి కరెంటు ఉంటుందని చెప్పేదెవరు? అందుకని మూర్తి ఒక పాత స్కూలు బస్సు కొన్నాడు. సీట్లు తీయించి, రెండు మంచాలు, బాత్రూము, చిన్న కరెంటు పొయ్యి పెట్టించి, దాన్నే ఇల్లుగా మార్పించాలని గూడెంలో బస్సు బాడీలు కట్టే మధుబాబు షెడ్డులో వేశాడు. గ్యాసు మాత్రం బస్సు ఛాయలకి రాకూడదన్నాడు. ఇక మిగిలింది ఏసీ. దాని కోసమే వీరరాఘవులు.

"ఎన్ని టన్నులు వెయ్యాలంటారు?" అని మూర్తి అతన్ని షెడ్డుకి తీసుకొస్తూనే అడిగాడు.

వీరరాఘవులు నిచ్చెన ఎక్కి బస్సు పైకప్పు మీద చెయ్యి ఆనించబోయి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. "ఈ రేకు మీద అట్టు పోసుకోవచ్చండి" అన్నాడు.

"మా ఇంట్లో హాలుకి ఒకటిన్నర టన్ను వేశాం బాబాయ్. ఈ బస్సు ఆ హాలంత కూడా లేదు. ఒకటి చాలదా?" అన్నాడు మధుబాబు.

"మీ హాలు ఎండలోకెళ్లి నిలబడుద్దా? నాలుగు పక్కలా అద్దాలున్నాయా దానికి? కింద నుంచి రోడ్డు సెగ కొడుద్దా?"

"అయితే నాలుగు పెట్టించెయ్యండి" అన్నాడు మూర్తి. "ఎక్కువైతే నష్టమేంటండీ? తగ్గించుకుంటాం."

"నష్టమేనండి షావుకారు గారూ. మరీ పెద్దదైతే గబుక్కున చల్లబరిచేసి ఆగిపోద్దండి. గాల్లో తడి లాగాలంటే అది నిదానంగా తిరుగుతా ఉండాలి. లేదంటే పక్కంతా వానాకాలం ఆరని బట్టలాగా చెమ్మగా ఉంటదండి. ఎంత కావాలో అంతే వెయ్యాలి. ఆ అంత ఎంతో తేల్చడమేనండి పని."

తేల్చడానికి అతనికి చాలా రోజులే పట్టింది. పొద్దున్న ఎండ ఏ వైపు పడుతుందో, మధ్యాహ్నం రేకు ఎంత కాగుతుందో బస్సు చుట్టూ తిరిగి చూశాడు. కిటికీలు సగం మూయించేశాడు. మిగిలిన వాటికి రెండేసి అద్దాలు పెట్టించాడు. గోడల్లో, పైకప్పులో, కింద నేలలో, వేడి దూరకుండా కంటైనర్లకి వేసే నురగ పలకలు పరిపించాడు. ఇంత చేస్తే ఒకటిన్నర టన్నువి రెండు సరిపోతాయని, జనరేటరు వెనకవైపు కట్టించాలని చెప్పాడు. లెక్క ప్రకారం అది సరైన మాటే, బస్సు కంటైనరైతే.

పలకలు బిగిస్తున్న రోజున మూర్తి వచ్చి చుట్టూ చూసి, "గాలి ఆడడానికి దారేమైనా ఉంచారాండీ?" అని అడిగాడు. "మా గోడౌన్లో ఉల్లిపాయలకి అన్ని వైపులా సందులు ఉంచుతాం. గాలి ఆడకపోతే ఇట్టే కుళ్లిపోతాయి."

"ఉల్లిపాయలకి కావాలండి గాలి. చలికి గాలి తగిలితే కారిపోద్ది. మీ సరుకు వేరు, నా సరుకు వేరు."

మధుబాబు పగలబడి నవ్వాడు. "అమ్మగారు ఎవరి సరుకో అది తేల్చండి ముందు!"

అందరూ నవ్వుకున్నారు. ఆ సాయంత్రమే వీరరాఘవులు అగరుబత్తి వెలిగించుకుని బస్సంతా తిరిగాడు. పొగ ఎక్కడా వంగలేదు.

త్రిపురసుందరి బస్సును చూడడానికి తెల్లవారుజామున వచ్చింది. చల్లటి వేళైనా, మెడ దాకా గుండీలు పెట్టుకున్న పొడుగు చేతుల జాకెట్టు వేసుకుంది. మెట్టెక్కి లోపల నిలబడి, మంచం మీద కూర్చుని, కిటికీలోంచి షెడ్డు గోడను చూసి నవ్వింది.

"ఇది కూడా గోడే గాని, కదిలే గోడ" అంది. "బాబాయ్ గారూ, గోదారి పుట్టినచోట చెంబు ముంచితే చెంబు నిండదంటారు, నిజమేనాండీ? అంత చిన్న గోదారిని చూడాలని ఉంది నాకు."

"చూద్దురుగానమ్మా. చలికాలం వెళ్తే ఇంకా తేలిగ్గా ఉండేది గదా?"

"చలికాలమంతా ఈయన్ని మార్కెట్టుకిచ్చేశానండి. ఉల్లిపాయలు ఊరుకుంటే గదా నన్ను ఊరు తీసుకెళ్లడానికి. అయినా ఎండాకాలం ఒకటి ఉందని మర్చిపోయి బతకడం ఎన్నాళ్లు?"

ఆ మాట వీరరాఘవులు మనసులో నాటుకుంది. తన చేతి పని మీద ఇన్నాళ్లూ చేపలు ప్రయాణం చేశాయి. ఇప్పుడు ఒక ఆడకూతురి ప్రాణం ప్రయాణం చేయబోతోంది. ఇంటికి వెళ్లి వరమ్మతో, "ఇది నా ఆఖరి పనే. బాగా చేశాను" అన్నాడు.

దూరం బయల్దేరే ముందు ఒక రోజు ఎండలో నిలబెట్టి చూడాలని అతనే పట్టుబట్టాడు. మధుబాబు బస్సు నడిపాడు. మూర్తి, త్రిపురసుందరి, వీరరాఘవులు ఎక్కారు. గణపవరం దాటి, చెరువుల మధ్య దారిలో పోయి, కొల్లేటి గట్టు మీద చెట్టు నీడైనా లేనిచోట బస్సు ఆపారు. బయట పిట్ట ఎగరడం లేదు. నీళ్లు తెల్లగా, కంటికి గుచ్చుకునేలా ఉన్నాయి. లోపల మాత్రం చల్లగా, హాయిగా ఉంది.

"ఎవరూ తలుపు తియ్యకండి" అన్నాడు వీరరాఘవులు, తలుపు పక్క స్టూలు వేసుకుని కూర్చుంటూ. "తీస్తే చలి కారిపోద్ది. ఎంతసేపు నిలుస్తదో చూడాలి."

పులిహోర తిన్నారు. త్రిపురసుందరి కిటికీకి మొహం ఆనించి, నీళ్లలో నిలబడ్డ కొంగల్ని చూసి చిన్నపిల్లలా చెయ్యి ఊపింది. "వాటికి ఎండ లేదేంటండీ?" అంది. కాసేపటికి మాటలు తగ్గాయి. మూర్తి కణతలు నొక్కుకున్నాడు.

"తలనొప్పాండీ?" అన్నాడు వీరరాఘవులు.

"కాఫీ వేళ దాటింది. అంతే."

"నాకూ పట్టేసింది. కొత్త వార్నిషు వాసన" అన్నాడు మధుబాబు, స్టీరింగు మీద తల ఆనించి.

వీరరాఘవులుకీ తల దిమ్ముగానే ఉంది. వయసనుకున్నాడు. మంచం వైపు చూశాడు. త్రిపురసుందరి కళ్లు మూసుకుని ఉంది. "హాయిగా నిద్రపోయిందండి" అన్నాడు మూర్తి గుసగుసగా. "పట్టపగలు ఎండలో నిద్రపోయింది." ఆయన గొంతులోని సంతోషం విని వీరరాఘవులుకి గుండె నిండింది.

ఆ నిండుదనంలో చాలాసేపే కూర్చున్నాడు. తర్వాత జనరేటరు చూద్దామని లేవబోయాడు. గుండె దడదడలాడింది. ఏమీ చేయకుండా కూర్చున్నవాడికి ఈ దడ ఏమిటనుకుంటూ మళ్లీ ఆవిడ వైపు చూశాడు. నిద్రపోయే మనిషి ఊపిరి కాదది. పరుగెత్తి వచ్చిన మనిషిలా రొప్పుతోంది.

"సుందరీ!" అని మూర్తి భుజం తట్టాడు. ఆవిడ కళ్లు తెరిచింది గాని, ఆయన ఎవరో పోల్చుకున్నట్టు లేదు. "చల్లగానే ఉంది గదండీ, మరి నాకూ ఊపిరాడట్లేదేంటి?" అన్నాడు మూర్తి అటూ ఇటూ చూస్తూ.

నిటారుగా నిలబడ్డ అగరుబత్తి పొగ వీరరాఘవులు కళ్లముందు మెదిలింది. పొగ కదలడానికి సందు లేనిచోట నలుగురు మనుషులు పొద్దుటి నుంచి, వదిలిన ఊపిరినే తిరిగి పీలుస్తూ కూర్చున్నారు. చచ్చిన చేపకి ఊపిరి అక్కర్లేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా దానికి లెక్క కట్టాల్సిన పని అతనికి పడలేదు.

తలుపు బార్లా తీశాడు. నిప్పుల కొలిమి ఎదురుగా తెరిచినట్టు గాడ్పు లోపలికి కొట్టింది.

"తలుపు వెయ్యండి! ఆవిడకి ఎండ తగుల్తోంది!" అని మూర్తి అరిచాడు.

"వెయ్యనండి."

"చంపేస్తారా మనిషిని?"

"వెయ్యను షావుకారు గారూ! తువ్వాళ్లు తడపండి. మధూ, ఆ నీళ్ల క్యాను ఒంపు. ఒళ్లంతా తడుపు, త్వరగా!"

గాలి లోపలికి రావాలి, వస్తే వేడి వస్తుంది. తలుపు మూస్తే ఊపిరి లేదు, తీస్తే ఒళ్లు కాగిపోతుంది. రెండింటి మధ్యా ఆవిడను నెట్టింది తానేనని తెలిసి, గాలికి కొట్టుకుంటున్న తలుపును రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. ఏసీలు తిరుగుతూనే ఉన్నాయి. లోపలి చలి అతని పాదాల మీదుగా కిందికి కారిపోతోంది. జీవితంలో మొదటిసారి దాన్ని ఆపకుండా చూస్తూ ఉండిపోయాడు.

కొంతసేపటికి త్రిపురసుందరి, "ఏవండీ, నీళ్లు" అంది. మొహం కందిపోయింది గాని మనిషి తేరుకుంది. తలుపు తీసి, వేసి, తీసి, వేసి, ఎలాగో ఇంటికి చేర్చారు. తర్వాత చాలా రోజులు ఆవిడకి ఒళ్లు కాగుతూనే ఉంది.

మూర్తి ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేదని వీరరాఘవులుకి అనిపించింది. మధుబాబే అన్నాడు. "మనుషుల్ని కూడా ఐసులో పెట్టి పంపేద్దామనుకున్నావా బాబాయ్?" అని. ఎప్పుడూ హాస్యమాడే మనిషే, ఆ రోజు నవ్వకుండా అన్నాడు. వీరరాఘవులు ఏలూరు వచ్చేసి ఇల్లు కదలడం మానేశాడు. రాత్రిళ్లు తలుపులు తీసే పడుకునేవాడు. "దోమలు పీక్కు తింటున్నాయి, ఆ తలుపు వెయ్యండి" అని వరమ్మ అంటే వినేవాడు కాదు.

బస్సును అమ్మేస్తారని తెలిసింది. అది విన్న కొద్ది రోజులకే, ఇంకా వెలుగు రాకముందు, ఇంటి ముందు కారు ఆగింది. త్రిపురసుందరి ఒక్కతే దిగింది. వరమ్మ కంగారుగా కుర్చీ వేసింది.

"కూర్చోడానికి టైము లేదు అక్కగారూ, ఎండొచ్చేస్తుంది" అని వీరరాఘవులు వైపు తిరిగింది. "ఎప్పుడొస్తున్నారు బాబాయ్ గారూ?"

"నా చేత్తో కాదమ్మా. కంపెనీవాళ్లని పిలిపించుకోండి."

"పిలిపించారండి ఈయన. వాళ్ల దగ్గర ఏది ఉందో అదే నాకు సరిపోద్దన్నారు. ఒక్కళ్లూ గాలి మాట ఎత్తలేదు."

వీరరాఘవులు తీసి ఉన్న తలుపు వైపు చూశాడు.

"ఆ వేళ మీరు తలుపు పట్టుకుని నిలబడ్డప్పుడు నాకు కళ్లు తెరుచుకునే ఉన్నాయండి. మీ మొహం చూశాను. ఇకమీదట ఎవరు మర్చిపోయినా మీరు గాలి సంగతి మర్చిపోరు. అందుకే వచ్చాను."

"మళ్లీ ఏమన్నా అయితేనో?"

"అయితే మళ్లీ తలుపు తీద్దురుగాని."

ఆవిడ వెళ్లిపోయింది. వీరరాఘవులు మొదటి బస్సుకే గూడెం వెళ్లాడు.

షెడ్డులో రంపపు మిషను చేతికి తీసుకుని, తాను సందు లేకుండా బిగించిన గోడ ముందు నిలబడ్డాడు. సుద్దముక్కతో గీత గీసి, తుడిచి, మళ్లీ గీశాడు. చివరికి మూర్తి వైపు తిరిగి, "మీ గోడౌన్లో సందులు ఎక్కడెక్కడ పెడతారండి?" అని అడిగాడు.

మూర్తి తడబడ్డాడు. "కింద కొన్ని, పైన కొన్నండి. కింద నుంచి వచ్చిన గాలి పై నుంచి పోవాలి."

"సరేనండి. అలాగే పెడదాం."

జనరేటరు పొగ చేరకుండా ముందువైపు, కింద ఒక కన్నం కోసి, దానికి గాలి వచ్చే జాలీ బిగించాడు. వెనక, పైకప్పులో గాలిని బయటికి లాగే ఫ్యాను పెట్టాడు. అప్పుడు లెక్కంతా మారిపోయింది. ఇక గోడల్ని చల్లబరిస్తే చాలదు. కొల్లేటి మీంచి వచ్చే వేడి గాలిని, దానిలోని తడితో సహా, వస్తున్నంతసేపూ చల్లబరుస్తూనే ఉండాలి. మూడో ఏసీ కావాలన్నాడు. పైకప్పు మోయదని మధుబాబు గొణిగి, ఆఖరికి అడ్డకమ్మీలు వేశాడు. ఈసారి అగరుబత్తి వెలిగిస్తే పొగ వంగి, మంచాల మీదుగా ఫ్యాను వైపు నెమ్మదిగా సాగింది. "ఇప్పుడు సరిగ్గా కారుతోంది" అన్నాడు మధుబాబు. వీరరాఘవులు నవ్వలేదు.

మళ్లీ అదే గట్టుకి వెళ్లారు. మూర్తి వద్దన్నా, అక్కడికే వెళ్లాలంది త్రిపురసుందరి. ఎండ ఆ రోజు కూడా అంతే ఉంది. ఫ్యాను సన్నగా మూలుగుతోంది. వీరరాఘవులు తన పనిముట్ల సంచిని స్టూలు పక్కన పెట్టుకుని, మాటిమాటికీ దిగి బయటి గాలి పీల్చి, మళ్లీ ఎక్కి లోపలి గాలి పీల్చి, తేడా ఏమన్నా ఉందేమోనని చూసుకున్నాడు. దిగినప్పుడల్లా ఒళ్లు కాలింది. ఎక్కినప్పుడల్లా చల్లబడింది. తల మాత్రం తేలిగ్గానే ఉంది. మధుబాబు ఏదో పాట కూనిరాగం తీస్తూ డ్రైవరు సీట్లో కాళ్లు చాపుకున్నాడు.

భోజనాలయ్యాక త్రిపురసుందరి ఒత్తిగిలి కళ్లు మూసుకుంది. మూర్తి, వీరరాఘవులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లేపుదామా అన్నట్టు మూర్తి చెయ్యి చాపాడు. వీరరాఘవులు వద్దన్నట్టు తల ఊపి, మంచం దగ్గరగా వచ్చి నిలబడ్డాడు. జాకెట్టు గుండీల దగ్గర ఊపిరి పైకీ కిందికీ నిదానంగా కదులుతోంది. నిద్రా, ఆనాటి మగతా? చూసి చెప్పగలనని ఒకప్పుడు అనుకున్నవాడే. ఇప్పుడు తన కళ్లను తాను నమ్మలేదు. కూర్చోకుండా, కదలకుండా, ఆ గుండీలనే చూస్తూ ఉన్నాడు. మెడ వెనక చెమట పట్టింది. ఎంతసేపలా నిలబడ్డాడో అతనికే తెలియదు.

త్రిపురసుందరి కదిలింది. కళ్లు తెరవకుండానే కాళ్ల దగ్గర చేత్తో తడిమి, దుప్పటి అందుకుని భుజం దాకా లాక్కుంది.

"ఏవండీ, కాస్త తగ్గించండి, చలేస్తోంది" అంది నిద్రలోనే విసుక్కుంటూ.

మూర్తి గబగబా లేచి, ఏసీ మీట వెతుక్కుంటూ, కళ్లద్దాలు తీసి కండువాతో తుడుచుకుంటూ, "తగ్గిస్తానే, తగ్గిస్తా, ఉండు" అన్నాడు.

వీరరాఘవులు సంచి భుజాన వేసుకున్నాడు. తలుపు తీసి, ఎండ లోపలికి పడకుండా తన ఒంటిని అడ్డుపెట్టి దిగి, చప్పుడు కాకుండా మూశాడు. మధుబాబు కునుకు తీస్తున్నాడు. మూర్తి వీపు ఇటే ఉంది. గట్టు మీద కొంతదూరం నడిచాక వెనక నుంచి చేపల లారీ ఒకటి వచ్చింది. చెయ్యెత్తి ఆపి, ఎక్కి, డ్రైవరుతో, "ఏలూరు పోతందా బాబూ?" అన్నాడు.